అజ్ఞాతంగా ఉంచే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీ చేసే ముందు జాగ్రత్తలు

టార్ (వాడేవారు ఎవరో తెలియకుండా డేటాను పలు సర్వర్ల గుండా పంపే నెట్‌వర్క్) మీద ఆధారపడే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్‌ను విడుదల చేసే ముందు, వాడేవారి ఐపీ చిరునామా ఏ దారిలోనూ బయటపడదని పరీక్షించి తేల్చుకోవాలి.

• ముందుగా డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని ఐపీ చిరునామాను వెతికిపెట్టే వ్యవస్థ) సంగతి చూడండి. డేటా అంతా 9050 పోర్టులోని సాక్స్ ప్రాక్సీ (డేటాను అందుకుని టార్‌లోకి పంపే మధ్యవర్తి) గుండానే వెళ్తున్నా, ప్రోగ్రామ్ సైటు పేరును మాత్రం నేరుగా వెతుక్కుంటే, ఆ వ్యక్తి ఎక్కడికి వెళ్తున్నారో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు తెలిసిపోతుంది కనుక, పేరును కూడా ప్రాక్సీకే అప్పగించాలి. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాను చూపించే వైర్‌షార్క్‌లో గమనిస్తున్నప్పుడు ప్రోగ్రామ్ నుంచి డీఎన్ఎస్ వాడే 53వ పోర్టుకు ఒక్క ప్రశ్న వెళ్లినా విడుదల ఆపేయండి. మధ్యలో టార్‌ను ఆపి చూడండి. కనెక్షన్ తెగిపోవాలే తప్ప నేరుగా సైటుకు వెళ్లకూడదు. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన పరీక్ష లేదు.

• అదే సోర్సు కోడ్ నుంచి వేరొకరు బిల్డ్ చేసినా (అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మార్చినా) బైటు కూడా తేడా లేని ఫైలే రావాలి. టార్ బ్రౌజర్ 2013 నుంచి ఈ పద్ధతినే పాటిస్తోంది. ఫైళ్లలో చేరే సమయాన్ని స్థిరపరచండి; బైనరీలో, అంటే బిల్డ్ చేశాక వచ్చిన ఫైలులో, మీ హోమ్ ఫోల్డర్ పేరు మిగిలిందేమో, అందులోని అక్షరాలను బయటికి తీసి చూపే స్ట్రింగ్స్ కమాండుతో వెతకండి.

• క్రాష్ నివేదికలు పంపడం, వాడేవారు అనుమతించే వరకు ఆపి ఉంచాలి.

• విడుదల ఫైళ్లపై డిజిటల్ సంతకం చేసే రహస్య కీని బిల్డ్ యంత్రంలో ఉంచకండి. దానికి జతైన బహిరంగ కీ వేలిముద్రను (ఆ కీని గుర్తుపట్టే పొట్టి కోడ్‌ను) డౌన్‌లోడ్ సర్వర్‌లోనే కాక మరోచోట కూడా ప్రకటించండి, ఎందుకంటే ఫైలును మార్చగలిగినవారు పక్కనున్న వేలిముద్రనూ మార్చగలరు.