కార్తిక మాసపు జ్వరం: రోజుల లెక్క, నల్లని పక్కు

ఈశాన్య రుతుపవనాలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను తడిపే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో జ్వరం రాని వీధి అరుదు. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, గడ్డిలోని చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ మొదటి రెండు మూడు రోజులు ఒకదానినొకటి పోలి ఉంటాయి కాబట్టి, పేరు తేల్చే పని వైద్యులకు వదిలి, వారికి అవసరమైన వివరాలను సరిగా సేకరించడం ఇంట్లోవారు నేర్చుకోవాలి.

మొట్టమొదట చేయవలసింది రోజుల లెక్క. ఒళ్లు వెచ్చబడిన రోజును ఒకటో రోజుగా ఒక కాగితం మీద రాసి, ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూపిన అంకెను, ఇచ్చిన మాత్రల పేర్లను, రోగి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లిందీ నమోదు చేయండి. గడచిన మూడు వారాల్లో రోగి పశువులకు గడ్డి కోయడానికో, మామిడి తోటలో కలుపు తీయడానికో, శేషాచలం అడవి అంచుకో వెళ్లి ఉంటే అదీ రాయండి. ఈ లెక్క ఎందుకంటే, ఏ పరీక్ష ఎప్పుడు పనికివస్తుందో చాలావరకు రోజును బట్టి ఉంటుంది. డెంగీ వైరస్ ప్రొటీన్‌ను రక్తంలో వెతికే ఎన్ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో ఉపయోగపడుతుంది, ఆ తరువాత వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలను చూసే ఐజీఎం పరీక్షను నమ్ముకోవాలి. టైఫాయిడ్ కోసం మన ఊళ్లలో విరివిగా చేయించే విడాల్ పరీక్ష మొదటి వారంలో తరచు తప్పుదారి పట్టిస్తుంది. యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే రక్తం తీసి, అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కు పంపడం అంతకన్నా నమ్మదగిన మార్గం. మలేరియా పరీక్ష మొదటిసారి లేదని వచ్చినా, చలితో కూడిన జ్వరం మళ్లీ మళ్లీ వస్తుంటే తిరిగి చేయించాలి.

డెంగీ విషయంలో జ్వరం దిగిందని ఊపిరి పీల్చుకోవడమే పెద్ద పొరపాటు. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, ఒళ్లు చల్లబడే సమయంలోనే రక్తనాళాల నుంచి ద్రవం బయటకు కారి, రోగి పరిస్థితి విషమించవచ్చు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం, మూత్రం తగ్గటం కనిపిస్తే ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, అదీ వైద్యులు చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఇక స్క్రబ్ టైఫస్. వీటిలో మనం అతి తక్కువగా గుర్తుపట్టేది ఇదేనని నా అభిప్రాయం. గడ్డిలో, పొదల్లో ఉండే, నల్లిని పోలిన అతి చిన్న పురుగు పిల్ల కుట్టినప్పుడు ఓరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. సాధారణంగా పది రోజులకు, కొందరిలో ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల మధ్య, జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, దగ్గు మొదలవుతాయి. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు కనుక రోగిని వేరుగా కూర్చోబెట్టవలసిన పని లేదు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పక్కు కడుతుంది. అది నొప్పీ దురదా పెట్టదు కాబట్టి రోగికే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ, చెవుల వెనుక, తలలో జుట్టు పాయలు తీసి, మంచి వెలుతురులో వెతకండి. మా బంధువుల ఇంట ఒక పెద్దావిడకు ఆరు రోజులు టైఫాయిడ్ అనుకుని మందులు వాడిన తరువాత, చీర కట్టు కింద నడుము మీద ఆ పక్కు కనబడింది. ఎవరైనా ఒకసారి చూసి ఉంటే ఆమెకు ఆయాసం దాకా వచ్చేది కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పక్కు అందరిలోనూ ఉండదు, అందువల్ల కనబడలేదని ఈ జబ్బును కొట్టివేయకూడదు.

దీనికి డాక్సీసైక్లిన్ మంచి మందు. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. టైఫాయిడ్‌కు వాడే సెఫిక్సిమ్ వంటివి దీని మీద పనిచేయవు. పైగా ఆలస్యమయ్యే కొద్దీ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు. అయినా మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు, మోతాదు వైద్యులే నిర్ణయించాలి.

జ్వరం మూడు రోజులు దాటితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఆయాసం, మాట తడబడటం, ఫిట్స్, మూత్రం ఆగిపోవడం ఉంటే 108కు ఫోన్ చేసి, తిరుపతిలో రుయా లేదా స్విమ్స్, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి వంటి పెద్ద చోటికి చేర్చండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి. "తోటపనికి వెళ్లారు, ఇది ఐదో రోజు, ఇక్కడ నల్లని పక్కు ఉంది" అని ముందుగా చెప్పండి. మందు మొదలైన గంటను కూడా అదే కాగితం మీద రాసి ఉంచండి. స్క్రబ్ టైఫస్‌కు సరైన మందు పడితే జ్వరం చాలామందిలో 48 గంటల్లో దిగుతుంది, దిగకపోతే అదే వైద్యుని వద్దకు మళ్లీ వెళ్లి ఆ సంగతి చెప్పాలి.