తలుపు మార్చాక పైన గోడ పగిలిందా? పుట్టీ రాయకండి, ఇలా చేయండి

ఇచ్ఛాపురం, సోంపేట నుంచి అటు బరంపురం, పర్లాకిమిడి దాకా చాలా పాత ఇళ్ళల్లో తలుపు పైన లింటలే (పై గోడ బరువు మోసే, చువ్వలు వేసిన కాంక్రీటు దిమ్మె) ఉండదండి, మందపాటి కర్ర ద్వారబంధమే పై ఇటుకల్ని మోస్తుంటుంది. చెద పట్టిందనో, 2018లో తిత్లీ తుఫానుకి తడిసి ఉబ్బిపోయిందనో దాన్ని పీకేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము పెట్టేస్తారు. ఆ ఫ్రేము తలుపు మోయడానికే గానీ గోడ మోయడానికి కాదు, అందుకే మూలల నుంచి మెట్లు మెట్లుగా పగులు పైకి పాకుతుంది. దానికి పుట్టీ రాసి రంగేస్తే లోపల ఇటుక దిగడం ఆగదు కదా.

ముందు పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, పెరుగుతుందో లేదో తెలుస్తుంది. తలుపు వెడల్పు ఎంతో దాదాపు అంత ఎత్తు లోపలే పైన స్లాబో దూలమో ఆని ఉంటే మీరు ముట్టుకోవద్దు, ఇంజనీర్‌ని పిలవండి.

సామాను అందరికీ తెలిసిందే, సుత్తి, ఉలి, తాపీ, సెంట్రింగ్ వాళ్ళ దగ్గర అద్దెకి నాలుగు జాకీలు (స్లాబు కింద పెట్టే, మర తిప్పి బిగించే ఇనప ఆసరా గొట్టాలు), రెండు ఇనప ఛానళ్ళు.

లింటల్ బయటే నేల మీద పోసుకోండి. మూడడుగుల తలుపుకి నాలుగున్నర అడుగులు, అంటే రెండు వైపులా 9 అంగుళాలు గోడ మీద ఆనాలి. 6 చాలంటారు, మట్టి అడుసుతో కట్టిన గోడకి నేనొప్పుకోను. 14 రోజులు తడపాల్సిందే. గోడలోనే పోసేద్దాం అనే మేస్త్రీలుంటారు, అలా పోస్తే కాంక్రీటు పై ఇటుక దాకా నిండదు, నిండినా ఆరాక కుంచించుకుపోతుంది.

లింటల్ వచ్చే చోటుకి రెండు ఇటుక వరసల పైన గోడకి రంధ్రాలు చేసి ఛానళ్ళు దూర్చి, ఇటూ అటూ జాకీలు పెట్టండి, కింద పలక ఉండాలి. చేత్తో బిగిస్తే చాలు, గోడని పైకి లేపబోకండి. వదులు ఇటుకలు తీసేసి, ఆనే చోట సిమెంటు పరుపు వేసి లింటల్ ఎక్కించండి, 100 కేజీలు దాటుతుంది, నలుగురు పట్టాలి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. లింటల్‌కీ పై ఇటుకకీ మధ్య అంగుళం సందు మిగులుతుంది, అందులో జారుగా కలిపిన మాలు విసిరేసి పైన పూత పూసేసి వెళ్ళిపోతారు. ఆ మాలు ఆరి కుంచించుకుంటుంది, సన్న సందు పడుతుంది, జాకీలు తీయగానే పై గోడ ఆ సందు మేరకి దిగుతుంది, మళ్ళీ అదే పగులు. లింటల్ పెట్టాం కదా ఇంకా ఎందుకు పగిలింది అని అడిగే వాళ్ళందరి ఇళ్ళల్లో నేను చూసింది ఇదే.

మాలు పొడిగా ఉండాలి, 1:3 (సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు), గుప్పిట్లో పిండితే ముద్ద కావాలి గానీ చెయ్యి తడవకూడదు. సందుని ముందు తడిపి, కొంచెం కొంచెంగా రెండు వైపుల నుంచీ కూరి, చెక్క ముక్క పెట్టి సుత్తితో గట్టిగా దట్టించండి. మధ్యలో పెంకు ముక్కలు బిగించొచ్చు. ఇంక ఒక్క చిటికెడు కూడా పట్టదు అనేదాకా ఆపొద్దు. ఈ పని ఎవరికీ వదలొద్దు, పక్కన నిలబడి చేయించండి. తర్వాత వారం రోజులు జాకీల జోలికి వెళ్ళొద్దు, రోజూ తడపండి. తీసేటప్పుడు కూడా ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా వదులు చేస్తూ పైన చూడండి.

ఛానళ్ళ రంధ్రాలు కూడా అదే పొడి మాలుతో నింపండి. ఫ్రేముకీ లింటల్‌కీ మధ్య మాత్రం అర అంగుళం వదిలి ఫోమ్ కొట్టండి, బరువు ఫ్రేము మీద పడకూడదు. పగులు మీద చికెన్ మెష్ (సన్న ఇనప తీగల వల) కొట్టి ప్లాస్టరింగ్, అదైపోయి బాగా ఆరాక రంగు. వానాకాలంలో మొదలెట్టకండి, సంక్రాంతి దాటాకే పెట్టుకోండి.