అమెరికాలో లోన్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? డబ్బు చేతులు మారకముందే ఇవి చూసుకోండి

ఆగస్టు, జనవరి నెలలు వచ్చాయంటే అమెరికాలో కొత్తగా దిగిన మనవాళ్లంతా కారు వేటలో పడతారు. చదువు అయిపోయి వేరే రాష్ట్రానికి వెళ్లేవాళ్లు, ఉద్యోగం పోయి హెచ్-1బి వాళ్లకిచ్చే 60 రోజుల గడువులోపే ఇండియాకి టికెట్ కొనుక్కున్నవాళ్లు తమ కార్లని వాట్సాప్ గ్రూపుల్లోనూ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ పెడుతూ ఉంటారు. ధర బాగుంటుంది, అమ్మేవాడు మనవాడే అయి ఉంటాడు, "లోన్ కొంచెం మిగిలింది అన్నా, ఏం ప్రాబ్లం లేదు, నేను చూసుకుంటా" అంటాడు. లోన్ ఉండటం తప్పేమీ కాదు, అలాంటి కార్లు పద్ధతిగా చేతులు మారుతూనే ఉంటాయి. కానీ పద్ధతి అంటే ఒక్కటే: ముందు బ్యాంకు బాకీ తీరాలి, మిగిలింది ఉంటే ఆ తర్వాతే అమ్మినవాడి చేతికి వెళ్లాలి. ఈ వరుస తారుమారు చేశారంటే మిగతా జాగ్రత్తలు ఎన్ని తీసుకున్నా పెద్దగా పనికిరావు.

ముందుగా టైటిల్ గురించి. మన దగ్గర ఆర్సీ మీద హైపోథికేషన్ అని బ్యాంకు పేరు పడుతుంది కదా, ఇక్కడ ఆ పని టైటిల్ చేస్తుంది. కారు ఎవరిదో చెప్పే కాగితం టైటిల్. రిజిస్ట్రేషన్ కార్డు వేరు, అది చూపించి "నా పేరు మీదే ఉంది చూడండి" అంటే సరిపోదు. లోన్ ఇచ్చిన సంస్థ పేరు టైటిల్ మీద లీన్‌హోల్డర్‌గా నమోదై ఉంటుంది (లీన్ అంటే అప్పు తీరేదాకా కారు మీద వాళ్లకుండే హక్కు). చాలా రాష్ట్రాల్లో లోన్ తీరేదాకా టైటిల్ ఆ సంస్థ దగ్గరే, ఎక్కువగా ఎలక్ట్రానిక్ రూపంలో ఉంటుంది. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం లోన్ ఉన్నా టైటిల్ కాగితం ఓనర్ చేతికే ఇస్తారు, దాని మీద లీన్‌హోల్డర్ పేరు ఉంటుంది. కాబట్టి చేతిలో టైటిల్ కనిపించగానే సంతోషపడకండి, దాని మీద ఏం రాసి ఉందో చదవండి.

లోన్ తీరకుండా మీరు కారు కొన్నారనుకోండి, బాకీ మీతో పాటు మీ పార్కింగ్‌లోకి వచ్చినట్టే. పాత ఓనర్ వాయిదాలు ఎగ్గొడితే చాలా రాష్ట్రాల్లో కోర్టుకి వెళ్లకుండానే, గొడవ లేకుండా తీసుకెళ్లగలిగితే చాలు, కారుని పట్టుకెళ్లే హక్కు లోన్ ఇచ్చినవాళ్లకి ఉంటుంది. పొద్దున లేచి చూస్తే అపార్ట్‌మెంట్ ముందు కారు ఉండదు. "నేను డబ్బు మొత్తం కట్టాను" అని మీరు ఎంత చెప్పినా అది మీకూ అమ్మినవాడికీ మధ్య గొడవ అంటారు. అతనేమో ఈపాటికి హైదరాబాద్‌లో ఉంటాడు. టెక్సస్‌లో 20,000 డాలర్ల వరకు జస్టిస్ కోర్టులో దావా వేసుకోవచ్చు, కాలిఫోర్నియాలో ఒక మనిషి స్మాల్ క్లెయిమ్స్‌లో 12,500 దాకా అడగొచ్చు, నిజమే, కానీ దేశం వదిలి వెళ్లినవాడి దగ్గర ఆ తీర్పు పట్టుకుని వసూలు చేయడం జరిగే పని కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఎందుకంటే మనవాళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. "నువ్వు నాకు కొంచెం అడ్వాన్స్ ఇవ్వు, మిగతా ఈఎంఐలు నెలనెలా నువ్వే కట్టుకో, లోన్ అయిపోయాక టైటిల్ నీ పేరు మీదకి మారుస్తా." వినడానికి ఇద్దరికీ లాభం లాగే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి క్రెడిట్ హిస్టరీ లేదు, లోన్ రాదు, వెళ్లిపోయేవాడికి కారు వదిలించుకోవాలి. దయచేసి దీనికి ఒప్పుకోకండి, ఎంత దగ్గరివాడైనా సరే. సాధారణంగా కారు లోన్ ఒకరి నుంచి ఇంకొకరికి మారదు. అలా మార్చే వీలుందని లోన్ ఇచ్చిన సంస్థే రాతపూర్వకంగా చెబితే తప్ప నమ్మొద్దు. మీరు రెండేళ్లు కడతారు, కారు అతనిదే, లోన్ అతనిదే, క్రెడిట్ స్కోర్ పెరిగేదీ అతనిదే. మధ్యలో యాక్సిడెంట్ అయి కారు టోటల్ లాస్ అయితే ఇన్సూరెన్స్ చెక్కు లోన్ సంస్థకీ టైటిల్ మీద పేరున్న మనిషికీ వెళ్తుంది, మీ చేతికి రాదు. అసలు మీ పేరు మీద లేని కారుకి మీ పేరుతో పాలసీ ఇవ్వడానికే చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకోవడానికి ఓనర్ మీరే అని అబద్ధం చెప్పారంటే క్లెయిమ్ రోజున అది బయటపడుతుంది. రెండేళ్ల తర్వాత సంతకం పెట్టడానికి అతను దొరకాలి, ఫోన్ ఎత్తాలి, మనసు మారకుండా ఉండాలి. ఇందులో అతను మోసగాడు కానక్కర్లేదు. మంచివాడికి కూడా మధ్యలో డబ్బు ఇబ్బంది రావచ్చు, మీరు పంపిన వాయిదా అతని వేరే అప్పుకి పోవచ్చు.

లీజు కారైతే కథ ఇంకా వేరు. టైటిల్ లీజింగ్ కంపెనీ పేరు మీదే ఉంటుంది, బయటివాళ్లు నేరుగా కొనడానికి కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. అతను ముందు తన పేరు మీదకి కొనుక్కున్నాకే మీతో మాట్లాడమనండి.

బేరం కుదరకముందే విన్ నంబర్, అంటే ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్, తీసుకోండి. 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి, డ్రైవర్ వైపు అద్దం కింద డ్యాష్‌బోర్డ్ మీద, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద. రెండూ ఒకటేనా, టైటిల్ మీద ఉన్నది కూడా అదేనా చూడండి. ఎన్ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే సంస్థ) వాళ్ల విన్‌చెక్ సైట్‌లో దొంగిలించిన కారా, సాల్వేజ్ కారా (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్లు వదిలేసిందా) అన్నది ఉచితంగా తెలుస్తుంది. ఎన్ఎంవీటీఐఎస్ (దేశం మొత్తం టైటిల్ రికార్డుల వ్యవస్థ) రిపోర్టులో టైటిల్ చరిత్ర, ఓడోమీటర్ రీడింగులు వస్తాయి. కానీ చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఎన్ఎంవీటీఐఎస్‌లో లోన్ వివరాలు ఉండవు. డబ్బు పెట్టి కొనే కార్‌ఫ్యాక్స్ లాంటి రిపోర్టుల్లో లీన్ ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. రిపోర్టు శుభ్రంగా ఉంది కదా అని లోన్ లేదనుకోకండి. అందుకే కారు ఏ రాష్ట్రంలో టైటిల్ అయిందో ఆ రాష్ట్రపు డీఎంవీ (మన ఆర్టీఓ లాంటి ఆఫీసు) దగ్గర ఇప్పటి రికార్డు ఏంటో కనుక్కోవాలి. పాత కాగితం టైటిల్ చూపించి, తర్వాత దాని మీద టైటిల్ లోన్ (కారు టైటిల్ తాకట్టు పెట్టి తీసుకునే అప్పు) తీసుకున్న విషయం దాచేవాళ్లు కూడా ఉంటారు. టెక్సస్ అయితే అమ్మేవాడితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్లి అక్కడే పని ముగించుకోమని ఆ రాష్ట్ర డీఎంవీయే చెబుతుంది, నా దృష్టిలో ఇంతకంటే మంచి సలహా లేదు.

టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మేవాడి ఐడీ మీద పేరు ఒకటే అయి ఉండాలి. "మా ఫ్రెండ్‌ది, వాడు ఇండియా వెళ్లిపోయాడు, నేను అమ్మిపెడుతున్నా" అంటే అక్కడే ఆగండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉందా, అది మీ కౌంటీ ఆఫీసు ఒప్పుకుంటుందా, లోన్ సంస్థ ఒప్పుకుంటుందా, ఈ మూడూ తేలాకే ముందుకు. టెక్సస్‌లో దీనికి వీటీఆర్-271 అనే ఫారం ఉంది. టైటిల్ మీద భార్యాభర్తల పేర్లు రెండూ ఉండి మధ్యలో 'అండ్' అని ఉంటే చాలా రాష్ట్రాల్లో ఇద్దరి సంతకాలూ కావాలి, ఒకరు ముందే ఫ్లైట్ ఎక్కేశారంటే ఇరుక్కుంటారు.

తర్వాత పేఆఫ్, అంటే లోన్ పూర్తిగా తీర్చేయడానికి కట్టాల్సిన మొత్తం. యాప్‌లో కనిపించే బ్యాలెన్స్, పేఆఫ్ మొత్తం ఒకటి కాదు, వడ్డీ రోజూ పెరుగుతూ ఉంటుంది. అందుకే 10 రోజుల పేఆఫ్ లెటర్ అడుగుతారు, అందులో ఎంత కట్టాలి, ఏ తేదీ వరకు ఆ మొత్తం చెల్లుతుంది, రోజుకి వడ్డీ ఎంత అన్నీ ఉంటాయి. ఆ లెటర్ పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపిస్తే దాన్నే నమ్మకండి, పీడీఎఫ్ మార్చడం ఎంతసేపు. లోన్ సంస్థ నంబర్ మీరే వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికి, అమ్మేవాడిని పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్‌లో మాట్లాడించండి, అతను లేకుండా మీతో వాళ్లు మాట్లాడరు. పేఆఫ్ ఎంత, డబ్బు ఏ రూపంలో పంపాలి, లీన్ రిలీజ్ (బాకీ తీరిందని లోన్ సంస్థ ఇచ్చే కాగితం) ఎన్ని రోజుల్లో ఇస్తారు, టైటిల్ ఎలక్ట్రానిక్‌దా కాగితమా, పోస్టులో ఏ అడ్రస్‌కి వెళ్తుంది, ఇవన్నీ ఆ కాల్‌లోనే అడిగేయండి. చివరి ప్రశ్న అస్సలు మరిచిపోవద్దు. మామూలుగా టైటిల్ లోన్ తీసుకున్నవాడి పాత అడ్రస్‌కే పోతుంది. అతను ఆ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వెళ్లిపోతే మీ టైటిల్ ఎవరో తెలియనివాళ్ల మెయిల్‌బాక్స్‌లో పడుతుంది. అతని సంతకంతో అనుమతి లెటర్ ఇస్తే నేరుగా మీకు పంపుతారేమో అడగండి, లేదంటే ముందే అడ్రస్ మార్పించండి.

డబ్బు కట్టే రోజు, ఆ లోన్ సంస్థకి దగ్గర్లో బ్రాంచ్ ఉంటే మీరిద్దరూ, బ్యాంకు మనిషీ అక్కడే కలవడం అన్నిటికంటే మేలు. బ్రాంచ్ లేని ఆన్‌లైన్ సంస్థ అయితే, అతనే తన డబ్బుతో ముందు లోన్ తీర్చేసి లీన్ రిలీజ్ తెచ్చుకుంటే సమస్యే లేదు. అతని దగ్గర అంత డబ్బు లేకపోతే పేఆఫ్ మొత్తం వరకు క్యాషియర్స్ చెక్కు (మన డిమాండ్ డ్రాఫ్టు లాంటిది) లోన్ సంస్థ పేరు మీదే రాయించి, దాని మీద లోన్ అకౌంట్ నంబర్ వేయించి మీరే పంపండి. జెల్‌లో (బ్యాంకు యాప్ నుంచి వెంటనే డబ్బు పంపే సదుపాయం) అతని అకౌంట్‌కి పంపి "వెంటనే కట్టేయ్" అనడం వద్దు, జెల్‌లో మీరే పంపిన డబ్బు వెనక్కి రాదు. కారు ధర కంటే పేఆఫ్ ఎక్కువుంటే ఆ తేడా అతను ముందు కట్టాలి, మీరు కట్టాక కాదు. పేఆఫ్ పోను అతనికి రావాల్సింది ఉంటే, టైటిల్ చేతికొచ్చాకే ఇస్తానని బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకం పత్రంలో) రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొహమాటం వద్దు. నిజాయితీగా అమ్మేవాడు దీనికి నొచ్చుకోడు, "నా మీద నమ్మకం లేదా" అని కోపం తెచ్చుకునేవాడి కారు వదిలేయడమే మంచిది. వాళ్లే చూపించిన ఎస్క్రో (బేరం పూర్తయ్యేదాకా డబ్బు మధ్యవర్తిగా దాచిపెట్టే) వెబ్‌సైట్‌లో డబ్బు వేయమంటే అస్సలు వేయకండి, అలాంటి నకిలీ సైట్లు బోలెడు.

బిల్ ఆఫ్ సేల్‌లో విన్, తేదీ, ధర, ఓడోమీటర్ రీడింగ్, ఇద్దరి పూర్తి పేర్లు, లోన్ సంస్థ పేరు, పేఆఫ్ మొత్తం అన్నీ ఉండాలి. 2011 మోడల్, ఆ తర్వాతి కార్లకి 20 ఏళ్ల వరకు ఓడోమీటర్ డిస్‌క్లోజర్ (కారు ఎన్ని మైళ్లు తిరిగిందో రాసివ్వడం) తప్పనిసరి. టైటిల్ వచ్చేదాకా కారు అతని దగ్గరే ఉంచడం మంచిది. అతను వెళ్లిపోతున్నాడు, తప్పదు అనుకుంటే తీసుకోండి కానీ ఇన్సూరెన్స్, నంబర్ ప్లేట్ల సంగతి తేలకుండా రోడ్డెక్కకండి. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో ఈ నిబంధనలు ఒకటి కావు.

టైటిల్ వచ్చాక ఆలస్యం చేయొద్దు. టెక్సస్‌లో కొన్న రోజు నుంచి 30 రోజుల్లో 130-యు ఫారంతో టైటిల్‌కి అప్లై చేయాలి, ట్యాక్స్ 6.25 శాతం, మరీ తక్కువ ధర రాసుకున్నా రాష్ట్రం లెక్కగట్టిన విలువలో 80 శాతం మీద పన్ను వేస్తారు కాబట్టి ధర తగ్గించి రాయడం వల్ల లాభం లేదు, పైగా రేపు గొడవొస్తే మీరు నిజంగా ఎంత ఇచ్చారో నిరూపించుకోలేరు. కాలిఫోర్నియాలో మీకు 10 రోజులే టైమ్, స్మాగ్ సర్టిఫికెట్ (పొగ పరీక్ష పాసైందన్న కాగితం) అవసరమైన కారైతే అది తెచ్చివ్వాల్సింది అమ్మేవాడు. ఆఫీసుకి వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్, వీసా, ఐ-94, అడ్రస్ ప్రూఫ్ అన్నీ పట్టుకెళ్లండి, ఏ ఐడీ ఒప్పుకుంటారో ముందురోజు ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో చూసుకోండి. లీన్ రిలీజ్ ఒరిజినల్ కూడా ఇవ్వాలి, ఇచ్చేముందు స్కాన్ చేసి పెట్టుకోండి. కొత్త టైటిల్ పోస్టులో రాగానే కవరు చింపి లీన్‌హోల్డర్ అన్న గడి చూడండి. మీరు మీ పేరు మీద కొత్తగా లోన్ తీసుకోకపోతే అది ఖాళీగా ఉండాలి, పాత సంస్థ పేరు ఇంకా ఉంటే అదే వారం ఆఫీసుకి వెళ్లి సరిచేయించుకోండి.