గడ్డం గీసుకున్నాక మొహం పీకుతుంటే

గడ్డం గీసుకున్న పది నిమిషాలకే బుగ్గలు పీకేస్తూ, నవ్వితే చర్మం చిట్లుతుందేమో అన్నట్టు ఉండేది నాకు. సబ్బుదే తప్పనుకుని రెండు మూడు రకాలు మార్చాను. తీరా చూస్తే తేడా మా బోరు నీళ్లలో ఉంది. ఉప్పు నీళ్లలో షేవింగ్ సబ్బు సరిగా నురగ రాదు, తెల్లగా విరిగి చర్మానికి అంటుకుంటుంది. బకెట్ అంచున పేరుకునే తెట్టు ఉంటుంది చూడండి, అదే.

ఇప్పుడు ఆర్వో నీళ్లు ఒక గ్లాసు గోరువెచ్చగా చేసుకుంటున్నా. అందులో బ్రష్‌ని 2 నిమిషాలు నాననిచ్చి, ఒకసారి విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పుతాను. తర్వాత బుగ్గ మీద రుద్దుతూ, మధ్యమధ్యలో బ్రష్ కొన మాత్రం తడుపుతుంటే నురగ గడ్డపెరుగులా చిక్కగా, నిగనిగలాడుతూ వస్తుంది. అది ఆరేలోపే గీసుకోవాలి. మిగిలిన నీళ్లతోనే మొహం కడుక్కోవాలి. నేను మొదటిరోజు అలవాటుగా కుళాయి తిప్పేసి చేసిందంతా పాడుచేసుకున్నాను. ఆర్వో పైపు నుంచి బయటికి పోయే నీళ్లు మాత్రం వాడకండి, అవి ఇంకా ఉప్పన.

సబ్బులోని సెంటు పడక దద్దుర్లు వస్తుంటే నీళ్లు మార్చి లాభం లేదు, సబ్బే మార్చాలి.