ఇంటి వైఫై సొంతంగా – 3వ పాఠం: రౌటర్ పెట్టె చదవడం

పోయినసారి ఇచ్చిన పని చేశారా? రౌటర్ పక్కన, వంటింట్లో, మేడ మీద స్పీడు చూసి కాగితం మీద రాయమన్నాను. మూడు చోట్లా మీ ప్లానుకు తగ్గ స్పీడు వస్తుంటే కొత్త రౌటర్ జోలికి పోకండి, డబ్బులు మిగిలినట్టే. రాని వాళ్లు ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు నా పొరపాటు చెబుతాను. కావలిలో మా ఇంటికి 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను. నెల్లూరు వెళ్లినప్పుడు ఒక షాపులో పెట్టె మీద ‘ఏసీ1200’ అని చూసి, అమ్మో పన్నెండు వందల స్పీడే అని కొనేశాను. బిగించాక రౌటర్ పక్కనే కూర్చున్నా 94 దాటలేదు. కేబుల్ అబ్బాయి వచ్చి పెట్టె తిప్పి చూసి, "ఇది వంద పోర్టు సార్, ఇందులోంచి ఇంతకంటే రాదు" అన్నాడు. పక్కన చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

అందుకే ముందు చూడాల్సింది పోర్టు, అంటే రౌటర్‌కు వైరు గుచ్చే చోటు. 10/100 అని ఉంటే వంద దగ్గరే ఆగుతుంది. గిగాబిట్ అనో, 10/100/1000 అనో ఉండాలి. ఇవాళ మీది వంద లోపు ప్లానే అయినా సరే, గిగాబిట్టే తీసుకోండి.

మరి ఆ 1200 ఎక్కడిది? బ్యాండు అంటే వైఫై సిగ్నల్ పోయే దారి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు 867, రెండూ కూడి పైకి సరిచేసిన అంకె. మామూలు ఫోను ఒకసారికి ఒక బ్యాండులోనే ఉంటుంది కాబట్టి ఆ మొత్తం దానికి రాదు. 867 కూడా కాగితం మీది లెక్కే, అందులో సగం వస్తే సంతోషించాలి.

ఇక వైఫై తరాల పేర్లు. ఎన్, ఏసీ, ఏఎక్స్ అంటే జనానికి అర్థం కావట్లేదని 2018లో వైఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం వాటికి 4, 5, 6 అని నంబర్లు పెట్టింది. 7కి సర్టిఫికేషన్ 2024 జనవరిలో మొదలైంది. పాత ఫోన్లు కొత్త రౌటర్‌తో పనిచేస్తాయి కానీ వాటి పాత వేగంతోనే. 6లో నాకు నచ్చింది స్పీడు కాదు. 5లో ఒక్కో ఫోనుకు విడిగా ఆటో కట్టించినట్టుంటుంది. 6లో షేర్ ఆటోలాగా చాలామంది డేటా ఒకే ట్రిప్పులో పోతుంది. నాలుగు ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో తేడా అక్కడ తెలుస్తుంది.

7 కొనాలా? ఇంట్లో 7 ఉన్న ఫోను ఒక్కటీ లేకపోతే నేనైతే కొనను. పైగా వైఫై 7 అని రాసి ఉన్నా 6 గిగాహెర్ట్జ్ అనే మూడో బ్యాండు లేని మోడళ్లున్నాయి. గిగాబిట్ పోర్టులున్న వైఫై 6, రెండు బ్యాండ్లది మామూలు ఇంటికి సరిపోతుంది.

ఒక్క మాట. ఫైబర్ మన ఇళ్లలో ముందు హాల్లోకి వస్తుంది, వంటిల్లేమో వెనక. మధ్యలో తొమ్మిదంగుళాల గోడ, దానికి ఆనించి ఇనప బీరువా. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడ దాటేసరికే నీరసపడుతుంది, బీరువా దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మేడ మీద రాకపోతే ఖరీదైన ఒక్క రౌటర్ కంటే మామూలు మెష్ సెట్టు నయం. మెష్ అంటే మన నెల్లూరోళ్లకు దోమల జాలీ గుర్తొస్తుంది గానీ, ఇది రెండు మూడు పెట్టెలు కలిసి ఇల్లంతా ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు.

వచ్చే పాఠానికి పని: ఫైబర్ వాళ్లిచ్చిన పెట్టె తీసేయకండి, కొత్త రౌటర్ దాని ల్యాన్ పోర్టుకే తగిలించాలి. ఆ పోర్టు వందదా, గిగాబిట్టా చూసి రాసుకోండి. బ్రిడ్జ్ మోడ్ (ఆ పెట్టె రౌటర్ పని మానేసి, ఇంటర్నెట్‌ను కొత్త రౌటర్‌కు అందించడమే చేసే పద్ధతి) పెట్టిస్తారా అని కేబుల్ అబ్బాయిని అడిగి, మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా తీసుకోండి.