అగ్నివీర్ మెడికల్‌కి ముందు, ఎలర్జీ ఉన్న తమ్ముళ్లు ఇవి చూసుకోండి

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం రోడ్డులో తెల్లారకుండానే పరుగులు మొదలైపోయాయి, పరుగు సరే గానీ మెడికల్ సంగతి ఎవరికీ పట్టట్లేదు.

ఆయాసం, పిల్లికూతలు, ఇన్‌హేలర్ ఉంటే దాచొద్దు. ఎవడో చెప్పమన్నాడని అబద్ధం రాసి లోపలికెళ్లినా ట్రైనింగ్‌లో దొరికితే ఇంటికి పంపేస్తారు, ఆ ఏడాదీ పోయినట్టే. ముందే ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించి అది ఆస్తమానా, ఉత్త దుమ్ము తుమ్ములా తేల్చుకోండి.

అన్‌ఫిట్ అన్నారని ఏడుస్తూ బస్సెక్కేయొద్దు. రివ్యూకి, అంటే మళ్లీ పరీక్షకి రాస్తే స్లిప్ మీద ఏ మిలిటరీ హాస్పిటల్, ఏ తేదీ ఉందో అక్కడే చదవండి, తేదీ దాటితే అంతే. అమెరికా వీడియోలు చూసి వేవర్, అంటే జబ్బున్నా మినహాయింపు అడుగుదామనుకుంటారేమో, ఇక్కడ ఫిట్టు, అన్‌ఫిట్టు, రివ్యూ, ఇదే లెక్క.

పలాస వైపు పిల్లలూ, ఈ నెల జీడిపిక్కల పనికి వెళ్లకండి బాబూ. ఆ తొక్క నూనె తగిలితే వేళ్ల సందుల్లో బొబ్బలొచ్చి, నల్లగా మాడి, పొరలు ఊడతాయి, మా తమ్ముడి చేతులు చూసి డాక్టర్ గారు చర్మరోగమా అని రెండుసార్లు తిప్పి చూశారు.

తామరకి మెడికల్ షాపు స్టెరాయిడ్ క్రీము వద్దు, పైకి తగ్గినట్టుండి లోపల పాకుద్ది.

సెట్రిజిన్ వేసుకుని పరుగుకి రావొద్దు, మత్తు.

గులిమి పిన్నీసుతో కెలక్కండి, చెవి డాక్టర్ తీస్తారు.

రొయ్యలు పడనోళ్లు ముందురోజు చుట్టాలింటికెళ్లకండి, మనోళ్లు పెట్టకుండా ఊరుకోరు.