ఒకే లాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు – 4వ పాఠం: షట్‌డౌన్ నొక్కినా ఆగని విండోస్

గత పాఠం చూసి ఉబుంటు ఎక్కించుకున్నవాళ్లలో చాలామందిది ఒకటే గోల: "విండోస్‌లో వైఫై శుభ్రంగా వస్తోంది, ఉబుంటులో ఆ గుర్తే లేదు. డి డ్రైవ్‌లో ఏదీ సేవ్ కావట్లేదు." గుంటూరు బ్రాడీపేట కుర్రాడొకడు వైఫై కార్డే పోయిందనుకుని కొత్తది కొనడానికి బెజవాడ బస్సెక్కేశాడు. డ్రైవర్ల (వైఫై కార్డు లాంటి పరికరాల్ని నడిపే ప్రోగ్రాముల) సంగతి తర్వాత, ముందు ఇది తేల్చుకుందాం.

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. చాలా లాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ మన ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, తన కెర్నల్‌నూ (విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచుకుంటుంది. ఇల్లు ఖాళీ చేశానని చెప్పి తాళంచెవి జేబులో వేసుకుపోయిన అద్దెదారు లాంటిదన్నమాట. అందుకే ఉబుంటు ఆ డ్రైవ్‌ను చదవడానికే ఇస్తుంది, ఒక్కోసారి అసలు తెరవదు. బలవంతంగా రాయాలని చూస్తే ఫైళ్లు పాడవుతాయి. కొన్ని వైఫై కార్డులూ విండోస్ వదిలిన స్థితిలోనే ఉండిపోయి ఉబుంటుకి పలకవు. "రీస్టార్ట్ చేస్తే మాత్రం వస్తోంది సార్" అన్నవాళ్లున్నారు. వస్తుంది మరి, రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగా ఆగుతుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ల సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. నేనైతే హైబర్నేషన్, అంటే ఇలా డిస్కులో దాచుకుని ఆగే పద్ధతి, మొత్తమే ఆపేస్తాను, డిస్కులో కొన్ని జీబీలు కూడా మిగులుతాయి. ఈ ఒక్కసారికి చాలనుకుంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి.

అప్పటికీ వైఫై రాకపోతే అప్పుడు డ్రైవర్‌ని అనుమానించండి. బ్రాడ్‌కామ్ కార్డులతో ఇది మామూలే. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టుకుని, ఉబుంటులోని అడిషనల్ డ్రైవర్స్‌లో చూపించింది ఎక్కించండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని బూట్‌లో నడవనివ్వని కాపలా) ఉంటే పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. కంగారుపడి ఎంటర్ కొట్టేయకండి. ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK, కొత్త డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పడం) ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసేయమనే సలహా నాకు నచ్చదు. అలా చేస్తే బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉన్నవాళ్లని విండోస్ రికవరీ కీ అడుగుతుంది, అది చాలామంది దగ్గర ఉండదు.

అభ్యాసం: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి, ఒక్కోదాంట్లో షట్‌డౌన్‌తో, రీస్టార్ట్‌తో విడివిడిగా ఉబుంటులోకి రండి. ప్రతిసారీ వైఫై వచ్చిందా, డి డ్రైవ్‌లో ఖాళీ ఫోల్డర్ తయారైందా, కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లేకుండా 5వ పాఠంలో టచ్‌ప్యాడ్ జోలికి రావద్దు.